చలికి స్టార్ట్ అవ్వని మా ఊరి వ్యాన్



పోస్టు కొంచెం పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి. ఇందులో బండి రిపేరు గురించి ఉంది, మేం చేసిన ఒక పెద్ద తప్పు గురించి కూడా ఉంది. మన ఏజెన్సీ ఊళ్ళలో పాత పెట్రోలు బండ్లు నడుపుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికైనా పనికొస్తే చాలు.

మేము అంటే ముగ్గురం. ఒకే ఊరు, ఒకే హాస్టల్, ఒకే గది. మా మూడు ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకడిది బీఎస్సీ ఫిజిక్స్. ఒకడు పదో తరగతి తర్వాత ఏడాది డీజిల్ మెకానిక్ ట్రేడ్ చేసి, మళ్ళీ ఇంటర్ చదివి డిగ్రీకి వచ్చాడు. ఇంకొకడు బీఏ. ఈ కథలో ఏది ఎవరు చేశారో విడదీసి చెప్పం. ఎందుకంటే తప్పు ముగ్గురిదీ.

మా ఊరు చింతపల్లి మండలంలో, లంబసింగికి లోపలగా ఉంటుంది. లంబసింగి గురించి మీకు చెప్పక్కర్లేదు. డిసెంబరు, జనవరి వస్తే టూరిస్టులు కార్లేసుకుని తెల్లారకముందే వచ్చి మంచు ఫొటోలు తీసుకుంటారు. పెద్దవాళ్ళు దాన్ని కొర్రబయలు అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. టూరిస్టుకి ఆ చలి రెండు రోజుల సరదా. మాకు మాత్రం చలి అంటే నెగడు చుట్టూ కూర్చున్న ముసలోళ్ళు, దగ్గుతున్న పిల్లలు, స్టార్ట్ అవ్వని బండి.

ఊళ్ళో ఉన్నది ఒక్కటే నాలుగు చక్రాల బండి, మా బావ వ్యాను. పాతది, పెట్రోలుది, మూడు సిలిండర్లు. కార్బరేటర్ బండి కాదు, ఎంపీఎఫ్‌ఐ. అంటే పెట్రోలుని ఇంజెక్టర్లు కొడతాయి, ఎంత కొట్టాలో ఈసీయూ అనే కంప్యూటర్ పెట్టె లెక్కేస్తుంది. బావ దాన్ని కింద మైదానంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. సగం డబ్బు మిరియాలు, కాఫీ అమ్మింది, సగం అప్పు. సంతకి రాజ్మా తీసుకెళ్ళాలన్నా, రేషను తేవాలన్నా, ఒంట్లో బాగోకపోతే పీహెచ్‌సీకి ఎళ్ళాలన్నా అదే. ఎనిమిది మంది ఎక్కే బండిలో ఎంతమంది ఎక్కుతారో ఇక్కడ రాస్తే బాగోదు.

కొన్నది ఎండాకాలంలో. వానాకాలం కూడా బాగానే నడిచింది. నవంబరు చివర్లో బావ ఫోను చేశాడు.

"ఏట్రా, పొద్దున్నే సెల్ఫ్ కొడితే తిరుగుతాది గానీ అందుకోట్లేదు. ఎండెక్కాక అదే అందుకుంటాంది. మీరు సదువుకున్నోళ్ళు కదా, ఏటో సూసి సెప్పండి."

ఆ ఒక్క మాట దగ్గర మేం పడిపోయాం. చదువుకున్నోళ్ళు. ఇంటికి ఎప్పుడెళ్ళినా ఆ మాటే. కరెంటు బిల్లు చదవాలన్నా మేమే, ఆధార్ తప్పు పడితే మేమే, టీవీ రాకపోతే మేమే. తెలీదు అని చెప్పడానికి మాకు నోరు రాదు. తెలీదంటే అంత డబ్బు పోసి చదివించింది ఎందుకని ఎవరూ అడగరు గానీ, అడిగినట్టే ఉంటుంది.

ఆ రాత్రి హాస్టల్లో ఫోను ముందేసుకుని యూట్యూబ్ చూశాం. ఒక వీడియోలో స్పార్క్ ప్లగ్గులు అన్నాడు. బావకి ఫోను చేసి మూడు ప్లగ్గులూ మార్పించాం. తగ్గలేదు. ఇంకో వీడియోలో ఫ్యూయల్ పంపు అన్నాడు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్న పెట్రోలు ప్రెషరు ఉండదు, పంపు బలహీనమైతే ఇలాగే ఉంటుంది అన్నాడు. మాకు అది అతికినట్టు అనిపించింది. బావకి అదే చెప్పాం. బావ వ్యానుని కిందకి తీసుకెళ్ళి పంపు మార్పించుకొచ్చాడు. ప్లగ్గులు, పంపు, కూలి, ఆ రోజు పోయిన బాడుగ అన్నీ కలిపి 3,400 రూపాయలు. కిందకి దిగాక ఎండలో బండి చక్కగా స్టార్ట్ అయ్యింది. బాగైపోయిందనుకున్నాం. మర్నాడు పొద్దున్న కొండ మీద మళ్ళీ అదే కథ.

3,400 అంటే ఎంతో ఈ గ్రూపులో ఎవరికీ వివరించక్కర్లేదు.

డిసెంబరులో రెండో శనివారం, ఆదివారం కలిసొస్తే ఇంటికెళ్ళాం. ఆ శనివారం రాత్రి, తెల్లవారుజాము నాలుగు దాటాక, మా అక్కకి నొప్పులు మొదలయ్యాయి. ఇంకా పదిహేను రోజులుందని ఇంటి దగ్గరే ఉంది. బావ పరుగున వెళ్ళి బండి ఎక్కాడు. సెల్ఫ్ తిరుగుతోంది, తిరుగుతోంది, అందుకోవట్లేదు. మేం వెనకనుంచి తోశాం. వాలులో సెకండ్ గేర్ వేసి వదిలాడు. కుదుపుతో వెళ్ళి రాయి దగ్గర ఆగిపోయింది. ఇంకో పదిసార్లు సెల్ఫ్ కొట్టేసరికి బ్యాటరీ కూడా నీరసించింది.

ఇక డోలీయే. కర్ర, దుప్పటి, తాడు. మేం ముగ్గురం, బావ, ఇంకో ఇద్దరు మార్చుకుంటూ మోశాం. 108 వచ్చే తారు రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు. టార్చి వెలుగులో మంచు తప్ప ఇంకేం కనపడలేదు. అక్క మధ్యలో ఒకసారి "బండుంది కదా, బండేదిరా" అంది. ఎవరం జవాబు చెప్పలేదు. దారి పొడుగునా మాకు ఆ 3,400 గుర్తొస్తూనే ఉంది. తెలీదని ఒప్పుకుని ఎవరైనా తెలిసినవాడి దగ్గరకి పంపి ఉంటే ఈపాటికి బండి బాగై ఉండేది కదా అని.

అక్క బాగానే ఉంది. పాప బాగానే ఉంది. అది మొదటే చెప్పాల్సింది.

హాస్టల్‌కి తిరిగొచ్చాక చాలా రోజులు ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు. ఆ నెలలోనే ఫిజిక్స్ ల్యాబ్‌లో థర్మిస్టర్ ప్రయోగం వచ్చింది. నీళ్ళల్లో చిన్న పూస లాంటిది పెట్టి వేడి చేస్తారు. నీళ్ళు వేడెక్కుతున్నకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. చల్లారితే పెరుగుతుంది. రికార్డులో గ్రాఫు గీశాం, సంతకం అయ్యింది, మర్చిపోయాం. రెండు రోజుల తర్వాత మెస్‌లో అన్నం తింటుంటే మాలో ఒకడికి తట్టింది. బండి ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా అన్నది ఈసీయూకి ఎలా తెలుస్తుంది? అడిగితే మా కాలేజీ దగ్గర గ్యారేజీలో పని చేసే అన్న చెప్పాడు. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ అని ఉంటుంది, లోపల ఉండేది థర్మిస్టరే అని.

అక్కడ మాకు మొదటిసారి చలికి బండి ఎందుకు మొండికేస్తుందో అర్థమైంది. మీకు అర్థమయ్యేలా చెప్తాం.

మండేది పెట్రోలు కాదు, పెట్రోలు ఆవిరి. వేడెక్కిన ఇంజిన్‌లో పెట్రోలు కొట్టగానే ఆవిరైపోతుంది. అప్పుడు లెక్క సుమారు 14.7 కిలోల గాలికి ఒక కిలో పెట్రోలు. చల్లని ఇంజిన్‌లో అలా కాదు. కొట్టిన పెట్రోల్లో చాలా భాగం ఆవిరి కాకుండా, తడిగా గోడలకే అతుక్కుపోతుంది. తడి కట్టెలు అంటించాలంటే మనం చితుకులు ఎక్కువ పెడతాం కదా, అలాగే చల్లని ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ కొట్టాలి. పాత కార్బరేటర్ బండికి ఆ పని చోక్ లాగి మనమే చేసేవాళ్ళం. ఎంపీఎఫ్‌ఐకి చోక్ లేదు. సెన్సారు "చల్లగా ఉంది" అని చెప్తే ఈసీయూయే ఇంజెక్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెన్సారు మాట తప్పుగా చేరితే పెట్రోలు తక్కువ పడుతుంది, బండి అందుకోదు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. బావ పాత అలవాటుకొద్దీ యాక్సిలరేటర్ నేలకి నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టేవాడు. కార్బరేటర్ బండిలో పెడల్ తొక్కితే పెట్రోలు చిమ్ముతుంది. చాలా ఎంపీఎఫ్‌ఐ బండ్లలో పెడల్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే, పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోయాయనుకుని ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది లేదా బాగా తగ్గిస్తుంది. అంటే అసలే చాలని పెట్రోలుని మనమే ఇంకా ఆపుతున్నాం.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు ముగ్గురం డబ్బులేసుకుని చిన్న డిజిటల్ మల్టీమీటర్ కొన్నాం. ఈసారి ఒక ఒట్టు పెట్టుకున్నాం. కొలవకుండా ఏ పార్టూ కొనకూడదు. చూసిందే నోట్‌బుక్కులో రాయాలి, అనుకున్నది రాయకూడదు.

చలి స్టార్టింగ్ బాధకి ఒక ఇబ్బంది ఉంది. రోజుకి ఒక్క పరీక్షే దొరుకుతుంది. బండి ఒకసారి స్టార్ట్ అయి వేడెక్కిందంటే ఆ రోజుకి అయిపోయినట్టే. మళ్ళీ రాత్రంతా ఆగాలి. అందుకే రోజుకి ఒక ప్రశ్న పెట్టుకున్నాం.

మొదటి పొద్దు, బ్యాటరీ. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజిన్ ఆయిలు చిక్కబడుతుంది, రెండూ ఒకేసారి. నిండా చార్జి ఉన్న బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపించాలి. మాది 12.5 ఉంది. సెల్ఫ్ కొడుతుండగా చూస్తే 10.2 దగ్గర నిలబడింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకి పడితే బ్యాటరీనో, టెర్మినల్ తుప్పునో, బాడీకి వెళ్ళే ఎర్త్ వైరునో అనుమానించాలి. మాది బాగానే ఉంది. ఇంజిన్ కూడా చురుగ్గానే తిరుగుతోంది. బ్యాటరీ కొట్టేశాం.

రెండో పొద్దు, పంపు. తాళం ఆన్ చేస్తే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు "జుయ్" మని చప్పుడు రావాలి. వస్తోంది. రాత్రి ప్రెషరు దిగిపోయే జబ్బు అయితే, తాళం ఆన్ చేసి, ఆ చప్పుడు ఆగాక ఆఫ్ చేసి, అలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొడితే బండి అందుకోవాలి. మా బండికి ఏ తేడా లేదు. ఈ పరీక్షకి ఒక్క రూపాయి ఖర్చవ్వదు. నవంబరులో ఇది తెలిసుంటే పంపు మార్పించేవాళ్ళం కాదు.

మూడో పొద్దు, ప్లగ్గులు. పెడల్ ముట్టుకోకుండా పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, తాళం తీసేసి, ప్లగ్గు విప్పి చూశాం. పెట్రోలు కారేలా తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు రావట్లేదని. లేదా పెట్రోలు మరీ ఎక్కువైందని. పొడిగా ఉంటే పెట్రోలు చాలట్లేదని. మావి మూడూ దాదాపు పొడిగా ఉన్నాయి. తర్వాత పంపు ఫ్యూజు పీకేసి, ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసేసి, ప్లగ్గుని ఇంజిన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొడితే నీలం నిప్పు బాగానే పడింది. అంటే నిప్పు ఉంది, పెట్రోలు తక్కువ. పంపు కొత్తది. మరి తక్కువ కొట్టమని చెప్తున్నది ఎవరు?

అప్పుడే మా నానమ్మ అన్న మాట గుర్తొచ్చింది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి ఇంజిన్ పైన వేస్తే ఒక్కోరోజు బండి స్టార్ట్ అయ్యేదట. బావ అలా రెండు మూడుసార్లు చేశాడు. మేం విని నవ్వాం. నిజానికి అది మంచి ఆధారం. ఇంటేక్ గొట్టం వేడెక్కితే పెట్రోలు ఆవిరవుతుంది, కాబట్టి అందుకుంది. జబ్బు ఎక్కడుందో నానమ్మ మాకంటే ముందే వేలు పెట్టి చూపించింది. కాకపోతే చల్లని ఇనుము మీద సలసల కాగే నీళ్ళు పొయ్యకండి, పగలొచ్చు. గుడ్డే మేలు. కింద నిప్పులు పెట్టడం మాత్రం వద్దే వద్దు, అది పెట్రోలు బండి.

నాలుగో పొద్దు, సెన్సారు. గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. సెన్సారు కనెక్టర్ పీకి, దాని రెండు పిన్నుల మధ్య కొలిచాం. 4,600 ఓములు. మా చేతులు వణికాయి, చలికి కొంత, సంతోషానికి కొంత. ఎందుకంటే అది మా రికార్డులో గీసిన గ్రాఫు లాంటిదే. మధ్యాహ్నం బండి వేడెక్కాక కొలిస్తే 330. ఇలాంటి సెన్సార్లలో చాలావాటికి 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు వేల ఓములు ఉంటుంది, 80 డిగ్రీల దగ్గర మూడు వందల చిల్లర. అంటే సెన్సారు బంగారంలా ఉంది.

ఆ సాయంత్రం మాకు ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క అనుమానం పోయింది. నోట్‌బుక్కులో "సెన్సారు ఓకే" అని రాసి దాని కింద గీత కొట్టేశాం. బావ పక్కన కూర్చుని చుట్ట కాలుస్తూ, "పోన్లెండ్రా, నేను కిందకి తీస్కెళ్ళి అమ్మేస్తాను. అప్పు సగం తీరతాది" అన్నాడు. కోపంగా అనలేదు. అదే మాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

రాత్రి ముగ్గురం నెగడు దగ్గర కూర్చుని నోట్‌బుక్కు మొదటినుంచీ చదివాం. అప్పుడు బీఏ వాడు ఒక మాట అడిగాడు. అతనికి ఓములు తెలీవు.

"సెన్సారు సరిగ్గా చెప్తోంది సరే. పెట్టె దాకా ఆ మాట ఎళ్తోందని మీరు సూశారా?"

చూడలేదు. సెన్సారు దగ్గరే ఆగిపోయాం.

ఐదో పొద్దు సెన్సారు కనెక్టర్ పూర్తిగా పీకేసి తాళం ఆన్ చేశాం. సెన్సారు లేకపోతే ఈసీయూ గొడవ చెయ్యాలి. మీటర్ బోర్డులో ఇంజిన్ లైటు వెలిగి ఉండిపోవాలి. సెల్ఫ్ కొట్టినా, ఆపి మళ్ళీ ఆన్ చేసినా లైటు మామూలుగానే ఆరిపోయింది. సెన్సారు ఉన్నా పీకేసినా పెట్టెకి ఒకటే. అంటే పెట్టె ఈ సెన్సారు మాట వినడం ఎప్పుడో మానేసింది. ఇంకెవరి మాటో వింటోంది.

తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, సెన్సారు నుంచి వైర్లని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాం. జానెడు దూరంలో నల్ల టేపు చుట్టి ఉంది. బండి అంతా టేపులే కాబట్టి ఇన్నాళ్ళూ అనుమానం రాలేదు. అక్కడ నొక్కితే లోపల బియ్యపు గింజంత గట్టిగా తగిలింది. టేపు విప్పాం. సెన్సారు నుంచి వచ్చే రెండు వైర్లూ కత్తిరించి ఉన్నాయి. ఈసీయూ వైపు వెళ్ళే రెండు వైర్ల మధ్య చిన్న రెసిస్టర్ కట్టి ఉంది. గోధుమ, నలుపు, ఎరుపు, బంగారు గీతలు. ఇంటర్‌లో బట్టీ పట్టిన రంగుల కోడ్ అది. గోధుమ ఒకటి, నలుపు సున్నా, ఎరుపు అంటే పక్కన రెండు సున్నాలు. వెయ్యి ఓములు.

వెయ్యి ఓములంటే ఇలాంటి సెన్సారు లెక్కలో 40 డిగ్రీలు దాటిన వేడి. ఎప్పుడూ, పగలూ రాత్రీ, మంచులోనూ ఎండలోనూ, ఆ పెట్టెకి చేరుతున్న మాట ఒక్కటే: ఇంజిన్ గోరువెచ్చగా ఉంది, పెట్రోలు ఎక్కువ అక్కర్లేదు.

అప్పుడు అన్నీ కలిశాయి. కింద మైదానంలో పొద్దున కూడా ఇంత చలి ఉండదు. ఆ అబద్ధానికీ నిజానికీ అక్కడ తేడా కొంచెమే. బండి అందుకుంటుంది. మా కొండ మీద నాలుగైదు డిగ్రీల చలిలో ఆ తేడా చాలా ఎక్కువ. ఇంకోటి, బావ మొదట్నుంచీ మైలేజీ రావట్లేదు, సైలెన్సర్‌లో మసి అంటున్నాడు. ఇంజిన్ 80 దాటి వేడెక్కినా పెట్టె ఇంకా 40 దగ్గరే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ కొడుతోంది. చల్లగా ఉన్నప్పుడు తక్కువ, వేడెక్కాక ఎక్కువ. రెండు బాధలకీ మూలం ఆ గింజే. ఇంజిన్ లైటు ఎందుకు వెలగలేదంటే, వెయ్యి ఓములు అన్నది నమ్మదగ్గ అంకె. వైరు తెగితేనో షార్ట్ అయితేనో ఆ పాత పెట్టె అరుస్తుంది గానీ, మర్యాదగా చెప్పే అబద్ధాన్ని పట్టుకోలేదు. రేడియేటర్ ఫ్యానుకీ మీటర్ ముల్లుకీ వేరే సెన్సార్లు కాబట్టి అవి మామూలుగానే పనిచేశాయి.

బావకి అప్పుడు గుర్తొచ్చింది. అమ్మినాయన "సెన్సారు కొత్తదేశాం" అన్నాడట. పాత సెన్సారు పోయినప్పుడు దారిలో ఎవరో బండి కదలడానికి రెసిస్టర్ కట్టి ఉంటారు. తర్వాత కొత్త సెన్సారు బిగించారు, లోపల కట్టింది విప్పడం మర్చిపోయారు. వాళ్ళని తిట్టుకోవడం లేదు. వాళ్ళు ఉన్నచోట అది నడిచిపోయింది. కింద నడిచిపోయిన సర్దుబాటు కొండ ఎక్కాక నడవలేదు, అంతే. మన ఊళ్ళకి వచ్చేవి చాలావరకు అలాగే వస్తాయని మా నానమ్మ అంటే ఈసారి మేం నవ్వలేదు.

చింతపల్లిలో సెల్ రిపేరు చేసే అన్న దగ్గరికి వెళ్ళి కావాల్సిన సోల్డర్, వైరు తొడుగు ఇరవై రూపాయలకి తెచ్చుకున్నాం. రెసిస్టర్ తీసేసి, వైర్లు రెండూ సెన్సారుకి కలిపి, అతికించి, తొడుగు ఎక్కించాం. ఈసారి కనెక్టర్ పీకి తాళం ఆన్ చేస్తే ఇంజిన్ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. ఇంజిన్ లైటు చూసి ఎగిరి గంతేసినవాళ్ళు మేమే అయ్యుంటాం.

మర్నాడు పొద్దున్న ఐదున్నరకి ఊళ్ళో సగం మంది దుప్పట్లు కప్పుకుని వచ్చి నిలబడ్డారు. బావకి ఒక్కటే చెప్పాం, పెడల్ మీద కాలు పెట్టొద్దని. తాళం ఆన్ చేసి, పంపు చప్పుడు ఆగేదాకా ఆగి, సెల్ఫ్ కొట్టాడు. రెండు సెకన్లు. అందుకుంది. మొదట కాస్త గట్టిగా తిరిగి, వేడెక్కుతున్నకొద్దీ తనే నెమ్మదించింది. అక్క పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు.

ఇప్పుడు మీ ఊళ్ళో ఎవరికైనా ఇదే బాధ ఉంటే, పార్టు కొనేముందు ఈ వరసలో చూడమని చెప్పండి.

ముందు ఎప్పుడు ఇబ్బంది పెడుతోందో రాసుకోండి. రాత్రంతా ఆగినప్పుడేనా, గంట ఆగినా అంతేనా, వేడి మీద ఎలా ఉంది.

ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే బ్యాటరీ, టెర్మినళ్ళు, ఎర్త్ వైరు. చురుగ్గా తిరిగి అందుకోకపోతే మిగతావి.

తాళం మూడుసార్లు ఆన్, ఆఫ్ చేశాక అందుకుంటే రాత్రి పెట్రోలు ప్రెషరు దిగిపోతోందని అర్థం.

పెడల్ కొద్దిగా తొక్కితేనే స్టార్ట్ అయి, వదిలితే ఆగిపోతుంటే ఐడిల్ గాలి వాల్వు దగ్గర మసి పట్టిందేమో చూడండి.

ప్లగ్గులు తడిగా ఉండి పెట్రోలు వాసన గుప్పుమంటే నిప్పు పడుతోందా, ఇంజెక్టర్ కారుతోందా చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు చాలట్లేదని.

సెన్సారుని చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలవండి. అక్కడితో ఆగకండి. పీకి చూసి, ఈసీయూకి తేడా తెలుస్తోందా లేదా చూడండి. మేం తప్పింది అక్కడే.

కొందరు ఇంటేక్‌లో పెట్రోలు పోసి స్టార్ట్ చేస్తారు. మంట ఎగదన్నితే ముఖం కాలిపోతుంది. చెయ్యకండి. ప్లగ్గులు విప్పేటప్పుడు దగ్గర్లో చుట్ట, బీడీ ఉండకూడదు. మా బావని ఆ రోజు దూరంగా కూర్చోబెట్టాం.

చివరిగా, ఆ 3,400. బావ అడగలేదు, అడగడు. ఆ డబ్బు మా మాట నమ్మి పోయింది కాబట్టి మాదే బాకీ అనుకున్నాం. స్కాలర్‌షిప్ పడ్డాక ముగ్గురం పంచుకుని ఇచ్చేద్దామని నోట్‌బుక్కు చివరి పేజీలో రాసుకున్నాం. ఇంకా పడలేదు. పడగానే ఇస్తాం.

హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇంటి దగ్గర "మీరు చదువుకున్నోళ్ళు కదా" అంటే, తెలియకపోతే తెలీదనండి, కనుక్కుని చెప్తామనండి. మాకు ఆ మాట నేర్చుకోడానికి ఒక డోలీ కావాల్సి వచ్చింది.

మల్టీమీటర్ బావ ఇంట్లోనే ఉంచాం. చింతపల్లి వైపు ఎవరికైనా కావాలంటే కామెంట్లో ఊరి పేరు రాయండి, సంతకి వచ్చినప్పుడు అందేలా చూస్తాం. వాడుకుని తిరిగి ఇచ్చెయ్యండి. మీ బండ్లకి వేరే రకం బాధలుంటే అవి కూడా రాయండి. తెలిస్తే చెప్తాం. తెలియకపోతే తెలీదని చెప్తాం.

జోహార్.